అనుమతి లేని కుట్టుగది

మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మేం ఆ ఇల్లు కొన్నది వెనక గదిని చూసే. పెరట్లోకి పొడుచుకొచ్చిన గది, రెండు వైపులా కిటికీలు. రెండువేల సంవత్సరం ముందు కంప్యూటర్లు సరిచేసే వైటుకె పని మీద మా ఆయన మెల్‌బోర్న్ వచ్చి ఇక్కడే స్థిరపడితే, గుంటూరులో బాగా నడుస్తున్న నా టైలరింగ్ షాపు మూసేసి మరీ వచ్చాను. మళ్ళీ కుట్టు మొదలుపెట్టుకోవడానికి నాకో గది కావాలి. అంతకుమించి ఏమీ అడగలేదు.

హైదరాబాద్‌లో ఒకే ప్లాటును ముగ్గురికి అమ్మినవాడి చేతిలో మా ఆయన అంతకుముందు మోసపోయి ఉన్నాడు. అందుకని ఇక్కడి లాయరమ్మను కూడా పాత లింకు డాక్యుమెంట్లన్నీ చూపించమన్నాడు. ఆవిడ నవ్వి, రిజిస్టరులో మీ పేరు ఎక్కితే స్థలం మీదేనని ప్రభుత్వమే పూచీ అంది. ఈయన మొహం వెలిగిపోయింది. అయినా టైటిల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, పాత ఓనరు అనుమతి లేకుండా కట్టినదేదైనా బయటపడితే ఆ నష్టం ఇన్సూరెన్స్ వాళ్ళు భరిస్తారు అని ఆవిడ చెబుతూనే ఉంది. వింటే కదా!

"తీసుకుందామండీ. ఆ వెనక గది సంగతేంటో ఏమో" అన్నాను.

"గవర్నమెంటే గ్యారంటీ ఇస్తుంటే మళ్ళీ ఇన్సూరెన్స్ ఏంటే, పిచ్చిమొహమా! గుంటూర్లో ఎంతమంది ప్లాన్ అప్రూవల్ తీసుకుని గది వేశారు? ఎవడైనా వచ్చి కూలగొట్టాడా?"

మా పుట్టింటి మేడమీద గదికీ ఏ కాగితమూ లేదు. ఇన్సూరెన్స్ లేకుండానే సంతకాలు పెట్టేశాం.

కుట్టు బాగానే అందుకుంది. "ఆంటీ, సాటర్డే ఫంక్షన్, బ్లౌజ్ అర్జెంట్" అంటూ దూరాల నుంచి కూడా వచ్చేవారు. అంతలో కౌన్సిల్ నుంచి, అంటే ఇక్కడి మున్సిపాలిటీ నుంచి, ఒకాయన వచ్చాడు. గదికి పర్మిట్ లేదు, పక్కింటి ఫెన్సుకు మరీ దగ్గరగా ఉంది, ఇప్పుడు ఇవ్వడమూ కుదరదు, తీసేయండి అన్నాడు. మా ఆయన అలవాటు కొద్దీ "కాఫీ తాగి వెళ్ళండి సార్" అని వెంటపడ్డాడు. "నో థాంక్స్, మేట్" అని ఆయన దారిన ఆయన పోయాడు.

గది కూలగొట్టించాం. ఖర్చంతా మాదే. మిషన్ గరాజ్‌లో కారు పక్కకు చేరింది. చలికాలం అక్కడ వేళ్ళు కొంకర్లు పోయేవి, కొలతలివ్వడానికి ఆడవాళ్ళు ఇబ్బందిపడేవారు. ఒక్కొక్కరే రావడం మానేశారు.

"పోనీలేవే, పెరడన్నా విశాలమైంది" అన్నాడు మా ఆయన. ఒళ్ళు మండిపోయింది. ఆ విశాలమైన పెరట్లో శనివారం శనివారం గడ్డి కోసేది ఇప్పుడు నేనే.