పాస్టరయ్య పేరు చదివిన రోజు

నా చిన్నప్పుడు, డెబ్బైల మొదట్లో, శేరిలింగంపల్లిలో మా గోడ అవతలే చర్చి పాస్టరయ్య ఇల్లు. మేము గుడికి పోయేవాళ్ళమే. అయినా ఆయన పెరట్లోని జామచెట్టుకు నన్ను మించిన భక్తురాలు లేదు. ఆయన విశాఖ వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు ఆ ఒక్క చర్చిలోనే ఉండిపోయారు. పిల్లలు లేరు.

ఒక మధ్యాహ్నం నేను ఆ చెట్టు మీద ఉండగా, ఆయన వరండాలోని మంచం మీద నుంచి నా పేరు పెట్టి పిలిచారు. దొరికిపోయాననుకుని ఊపిరి బిగబట్టాను. మళ్ళీ పిలిచారు. ఇంకోసారి పిలిచారు. గొంతులో కోపం లేదని నాకు అప్పుడే తెలిసింది, అయినా గోడ దూకి పారిపోయాను. సాయంత్రం ఆయన భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, బజారు నుంచి వచ్చి చూసేసరికి ఆయన ప్రాణం పోయి ఉంది.

దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని తిరిగాను. అన్నం సయించేది కాదు. మధ్యాహ్నం అయ్యేసరికి గోడ అవతల నుంచి నా పేరు వినపడేది. మా అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. నేను చేసిన పని తాయెత్తుకేం తెలుసు?

నెల తర్వాత చర్చి గోడకు ఆయన పేరు చెక్కిన నల్లరాతి పలక పెట్టారు. ఆ సంఘం మీద బిషప్పులెవరూ లేరు. ఏది చేయాలన్నా సభ్యులే కూర్చుని చేతులెత్తి తేల్చుకునేవారు, రాయి సంగతీ అలాగే తేల్చారు. ఇరుగుపొరుగు వాళ్ళనూ పిలిచారు. ఆ పొద్దున పూలదండ ఇచ్చి రమ్మని మా అమ్మ నన్ను పంపింది. అమ్మగారిని చూడగానే నా వల్ల కాలేదు. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

ఆవిడ దండ అందుకుని పక్కన పెట్టారు. తర్వాత, "ఆయన గొంతు ఎలా ఉందమ్మా? నొప్పితో పిలిచారా?" అని అడిగారు.

"లేదు అమ్మగారూ, ఎప్పటిలెక్కనే పిలిచిన్రు."

"ఆయన చివరి మాట నాకు దక్కలేదు. నువ్వైనా విన్నావు," అన్నారు. నీ తప్పు లేదని మాత్రం అనలేదు.

చర్చిలో నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ఆ చర్చివాళ్ళకొక అలవాటుంది. ఏడాదికోసారి పుస్తకంలో ఉన్న సభ్యుల పేర్లన్నీ చదువుతారు, ఎవరి పేరుకు వాళ్ళు లేచి "ఉన్నాను" అంటారు. ఆ ఏడు పోయినవాళ్ళ పేరుకు ఇంట్లోవాళ్ళు పలుకుతారు. ముప్పై ఏళ్ళూ అందరి పేర్లూ చదివింది పాస్టరయ్యే. ఆ ఏడు రాయి పెట్టిన రోజే చదవాలనుకున్నారు. సంఘపెద్ద చదివాడు, చివరన పాస్టరయ్య పేరు చదివాడు.

అమ్మగారు లేచారు గానీ పలకలేక కూలబడ్డారు. పెద్దాయన రెండోసారి చదివాడు. అంతా మా వైపు తిరిగారు. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి, "నువ్వు పలుకు తల్లీ," అన్నారు. లేచి, "ఉన్న" అన్నాను. ఎవరో గొణిగారు. అమ్మగారు నా చెయ్యి వదల్లేదు.

అరవై దాటాను. ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే లేస్తానని మనవలు నవ్వుతారు. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాలు ఇప్పటికీ ఒక్కోసారి నా పేరు వినపడుతుంది. అట్లాంటి పిలుపుకు పలకొద్దని, దయ్యాలు అట్లనే పిలుస్తాయని మా అమ్మ అనేది. నాకూ భయమే. అయినా పలుకుతాను.