తగ్గిందన్నా

అమీర్‌పేటలో మా హాస్టల్ వంటాయనను తలచుకుంటే, చొక్కా అంచు ఎత్తి నడుము చూపించడమే గుర్తొస్తుంది. అక్కడ తామర. చూపించినప్పుడల్లా ఒకటే మాట: "తగ్గిందన్నా."

నిజంగానే తగ్గేది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు రాస్తే దురద ఆగేది. ఆగగానే ఆయనా రాయడం ఆపేసేవాడు. దురద తిరిగొచ్చిన ప్రతిసారీ మచ్చ పెరిగేది, నెమ్మదించే రోజులు తగ్గేవి. లెక్కలు తప్ప వైద్యం తెలియని నాకే ఆ వరస కనిపించింది. పట్టుబట్టి పంజాగుట్టలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"ఈ ట్యూబులో స్టెరాయిడ్ ఉందండీ. దురదను అణిచేసి ఫంగస్‌ను పెంచుతుంది. మానేయండి. నేనిచ్చే మాత్రలు మాత్రం దురద పోయినా మానకండి. సగంలో ఆపితే రేపు ఇవీ పనిచేయవు," అందామె.

"మాత్రలు పనిచేసేదాంక గోక్కుంట వడ్డిస్తే ఓనరు ఉంచుతడా మేడం?" అని నవ్వాడాయన.

మాత్రలతో దురద పోయింది. మిగిలినవి మింగలేదు. దురద తిరిగొచ్చేసరికి ట్యూబు మళ్లీ జేబులోకి చేరింది. చివరికి తామర ముంజేతులకు పాకింది. ఈసారి అవే మాత్రలు వేసుకున్నా లొంగలేదు. ఓనరు పనిలోంచి తీసేశాడు.

వెళ్లే రోజు, కొత్త వంటాయన మెడ గోక్కోవడం చూసి గుమ్మంలో ఆగాడు. ట్యూబు తీసి అతని చేతిలో పెట్టాడు.

"జర రాయి తమ్మీ. మస్తు పనిచేస్తది."

నేను వద్దన్నాను, ఎందుకో కూడా చెప్పాను. కొత్తాయన తలూపాడు.

మర్నాడు టిఫిన్ వడ్డిస్తూ మెడ నిమురుకుని నాతో అన్నాడు: "తగ్గిందన్నా."