దివిసీమ మట్టి, బందరు నీళ్ళు

మా కాలేజీ ల్యాబ్‌లో మేడంగారు పొద్దున్నే గుడ్‌మార్నింగ్‌కి బదులు నన్ను "దిగిందా?" అని అడిగేవారు. కిటికీలో గాజు గ్లాసు నిండా దివిసీమ మట్టి కలిపిన నీళ్ళుండేవి. చమురు బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురద కోసం విదేశాల నుంచి పొడి తెప్పిస్తారు. ఆ పని మన మట్టితోనే చేయించాలని ఆవిడ పంతం. మట్టి మాత్రం అడుక్కి దిగకూడదు. దిగితే బావిలో గొట్టం ఇరుక్కుపోతుంది.

రోజూ దిగేది. సముద్రం పక్క మట్టి కదా, ఉప్పు. ఉప్పుంటే మట్టి నీళ్ళలో నిలవదు. ఎంత కడిగినా అంతే.

ఒకరోజు డ్రిల్లింగ్ కంపెనీ ఆయన వచ్చి గ్లాసు చూసి నవ్వాడు.

"మంచి పొడి దొరుకుతుంటే ఈ అవస్థ ఎందుకండీ?"

మేడంగారు మట్టి కడిగే పంపు తిప్పి, దోసిట్లో నీళ్ళు పట్టి, నోట్లో పోసుకుని ఉమ్మేశారు.

"బందర్లో పుట్టి పెరిగి, ఉప్పు వదిలించడానికి ఈ ఉప్పటి బోరు నీళ్ళు వాడుతున్నానేంటయ్యా!"

మట్టి కడగడానికి స్టాఫ్‌రూమ్‌లోని తాగే నీళ్ళ క్యాను తనే ల్యాబ్‌లోకి మోసుకొచ్చారు. ఆ వారమంతా లెక్చరర్లు ఇళ్ళ నుంచి సీసాలు తెచ్చుకుంటూ మమ్మల్ని తిట్టుకున్నారు.

ఆ తర్వాత ఓ పొద్దున గ్లాసులో మట్టి చిక్కటి మజ్జిగలా నిలబడే ఉంది.

"దిగిందా?"

"లేదండీ!"

మేడంగారు నవ్వలేదు. చీర కొంగు నడుముకి దోపుకున్నారు.

"ఆ కంపెనీ ఆయనకి ఫోన్ చేసి రమ్మను. ఈలోపు పెద్ద బకెట్ నిండా మట్టి కడుగు. పంపు నీళ్ళతో కాదు!"