చక్రం మీది కుంకుమ

దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ ఫ్యాను చప్పుడులో నా గొంతు వినబడదు. వీధిలో ఇప్పుడే ఆటోవాళ్ళు గుమ్మడికాయ పగలగొట్టారు. ఆ పచ్చి వాసన కిటికీలోంచి లోపలికి వస్తోంది. ఏటా ఆయుధపూజనాడు ఇల్లంతా పాయసం తింటుంటే, నాకు మాత్రం రంగన్న గుర్తొచ్చి నోరు చేదవుతుంది.

రంగన్న మా పెద్దమ్మ కొడుకు, విమానం నడిపేవాడు. యాభైలలో చింతాద్రిపేటలోని వాళ్ళింట్లోనే నేను పెరిగాను. నాకు చదువు అబ్బలేదు గానీ, బజారులో బోర్డులు చదివించిందీ, నలుగురిలో తలెత్తి మాట్లాడమన్నదీ ఆయనే. ఒక ఏడు పండగ మర్నాడు పెద్దమ్మను హైదరాబాదు పంపుతూ, తోడుగా నన్నూ తన విమానంలోనే ఎక్కించాడు. ముందు రోజు పూజ చేసిన విమానం అది. తలుపుకు కట్టిన బంతిపూల మాల ఇంకా వాడలేదు.

నేల వదిలిన కాసేపటికే విమానం ముక్కు పైకి లేవసాగింది. లేస్తూనే ఉంది. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముందర తెరిచి ఉన్న తలుపులోంచి చూస్తే, రంగన్నా పక్కనున్న రెండో పైలటూ రొమ్ము ఆనించి పిడిని ముందుకు తోస్తున్నారు.

"అలివేలూ! వెనకాల ఉండేవాళ్ళనంతా ముందరికి తోలుకొని రా. బరువు ఈడ కావాల!"

"ఏమైందన్నా?"

"బస్సులో కండక్టరు చెప్పినట్టు చెప్పు, అంతే. సీక్రం!"

అందరూ వచ్చి నడవలో ఒకరి ఒళ్ళో ఒకరు కూలబడ్డారు. "నా కాలు తొక్కితివే!" అని ఒక షావుకారు అరిచాడు.

"పైకి పోయినాక కాలెందుకయ్యా నీకు? గమ్మునుండు" అంది పెద్దమ్మ.

రంగన్న సీటు పక్కన ఒక పెద్ద చక్రం ఉంది. ముక్కును దించడానికి తిప్పే చక్రం. కిందికని తిప్పేకొద్దీ ముక్కు పైకే పోతోంది. ఒక్క క్షణం దాని మీదనుంచి చెయ్యి తీశాడు. తర్వాత ఎదురువైపుకు తిప్పాడు. ముక్కు దిగింది. వెనక్కి మళ్ళించి, బయల్దేరిన మీనంబాకంలోనే దించాడు.

పండగకు ముందు ఆ చక్రం తీగెలు మార్చిన మెకానిక్కు దొరై వాటిని తారుమారుగా బిగించాడు. సరిచూసేలోపే పనిముట్లన్నీ పూజలో పెట్టేశారు. విచారణలో పెద్దలు తప్పంతా దొరై మీద వేసి ముగించబోతుంటే, రంగన్న అడ్డుపడ్డాడట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పెద్దమ్మతో చెప్పాడు.

"బయల్దేరే ముందు ఆ చక్రం తిప్పి చూసేది నా పనిమా. దాని మీద కుంకుమబొట్టు ఉండె. చెరిగిపోతుందే అని నేనే చెయ్యి పెట్టలే."

"నిన్నెవురురా అడిగింది? నోరు మూసుకొని ఉండకూడదా?"

"దొరైకి పిల్లలుండారు."

"నీకు లేరా?"

 మళ్ళీ రంగన్నను విమానం నడపనివ్వలేదు. దొరై ఉద్యోగం నిలిచింది. లారీ ఆఫీసులో బస్తాలు ఎక్కించే పని చూసుకుంటున్న రంగన్న ఎదురైతే, దొరై రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. ప్రాణాలతో దిగిన ఆ షావుకారైతే పాండీబజారులో మా ముందే ఇంకొకరికి వేలెత్తి చూపించాడు: "ఈయనే, విమానాన్ని కింద పడేయబోయింది." రంగన్న నవ్వి ఊరుకున్నాడు. నాకు ఆ నవ్వు రాలేదు, ఈనాటికీ రాదు.

అయినా ఆయన నేర్పింది నన్ను వదల్లేదు. ఇంట్లో ఏదైనా పాడై అందరి చూపూ పనిమనిషి వైపు తిరిగితే, "నేనూ చూసుకోలేదే" అన్న మాట నా నోట ముందే వచ్చేస్తుంది. అందుకు మెచ్చుకున్నవాళ్ళు లేరు. మాటలు పడ్డాను, మానలేకపోయాను.

చల్లగా ఉండండి తల్లీ. మీ ఇంట్లో తప్పు ఒప్పుకున్నవాడికి ఆ పూట కూడా కంచంలో వేడన్నమే పడాలి.