మూట ముందు బయలుదేరింది

ఆదోని నుంచి కాశీకి కారులో పోదామన్న ఆలోచన నాది. కారు తనది కాబట్టి ఆలోచన కూడా తనదేనంటాడు నా కొడుకు. నమ్మకండి. కర్నూలు మీదుగా పోయే పెద్ద రోడ్డు ఒకప్పుడు కాశీలో మొదలై కన్యాకుమారిలో ముగిసేదని మా ఇంట్లో మొదట చెప్పింది నేనే. పత్తి వ్యాపారంలో ఉన్నన్నాళ్ళూ బేళ్ళ లారీల వెంట ఆ రోడ్డు మీద నాగపూరు దాకా లెక్కలేనన్నిసార్లు పోయినవాణ్ణి.

లెక్క ఉంది. రెండుసార్లు. రెండోసారి హైదరాబాదు దాటగానే కునుకు పట్టింది, నాగపూరులో లేపారు.

అయినా ప్రయాణానికి పెద్దను నేనే. అందరినీ వసారాలో కూర్చోబెట్టి, "ముందు సీటు నాది, దారి సెప్పేవాడు ముందర కూసోవాల" అన్నాను.

"దారి ఫోను సెప్తాది తాతా," అంది మనవరాలు. కాలేజీ పిల్ల, మాట కింద పడనివ్వదు.

"మంచి టీ యాడ దొరుకుతాదో సెప్తాదా నీ ఫోను?"

"సెప్తాది. దాంట్లో అల్లం ఎక్కువో తక్కువో గూడా రాసినారు. ఇంగోటి తాతా, నీ కాశీ రోడ్డు ఇప్పుడు కాశీకి పోదు, కాశ్మీరానికి పోతాది. నంబరు గూడా మార్సినారు. నాగపూరు దాటినాక మనం కుడిపక్కకు సీలిపోవాల."

"అది నాకు తెలుసు లేమ్మా," అన్నాను. తెలియదు.

కారులో మూడు వరుసలు. మేం ఐదుగురం: కొడుకు, కోడలు, మనవరాలు, నేను, నా భార్య. వెనక వరుస మడిచేసి అక్కడ నా భార్య వంటసామాను పెట్టాలని తీర్మానం. స్టవ్వు, బియ్యం, జొన్నపిండి, ఊరగాయలు, పొడులు. నాగపూరు దాటితే మనిషి తినే తిండి దొరకదని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని కదిలించే మొనగాడు మా ఇంట్లో లేడు.

ఎమ్మిగనూరులో ఉన్న మా అక్క మాట ఎవరూ ఎత్తలేదు. నాకంటే పెద్దది, మోకాళ్ళు పోయినవి, అంత దూరం కూర్చోలేదని అందరూ ఎవరికి వాళ్ళు అనుకున్నట్టున్నారు. నేను మాత్రం అక్క రావలసిందేనని గట్టిగా వాదించాను.

వాదించలేదు. ఒకసారి దగ్గాను. నా భార్య నా వైపు చూసింది. మాట మళ్ళీ ఊరగాయల మీదికి పోయింది.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. కొడుక్కి సెలవు బుధవారం నుంచి. మంగళ, బుధవారాల్లో ఉత్తరానికి శూల, ఆ దిక్కుకు బయలుదేరకూడదు. నా భార్య కదలనంది. దీనికి మా పెద్దలు ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టి ఉంచారు. దాన్ని ప్రస్థానం అంటారు. మంచిరోజు చూసి, ఒక తువ్వాలులో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, వక్క మూటగట్టి, పోయే దిక్కులో ఉన్న వేరేవాళ్ళ ఇంట్లో పెట్టి రావాలి. మూట గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తర్వాత వీలైన రోజున పోతూ పోతూ దాన్ని తీసుకుంటే చాలు. అయితే ఒకసారి పెట్టిన మూట మళ్ళీ ఇంటికి రాకూడదు.

మాకు ఉత్తరాన, దారిలోనే ఉంది ఎమ్మిగనూరు. సోమవారం ఉదయం నేనూ నా భార్యా బస్సెక్కి మూటతో అక్క ఇంటికి పోయాం.

కాశీకి ప్రస్థానమని చెబితే అక్క మూట అందుకుని దేవుడి గూటి కింద పెట్టించింది. ఉగ్గాణి, బజ్జీ పెట్టింది. నేను తిని చెయ్యి కడుక్కుని, దండం పెట్టుకుందామని వస్తే అక్కడ రెండు మూటలున్నాయి. రెండోది పాత చీర అంచు చించి కట్టింది.

"ఇదెవరిదక్కా?"

"నాదే రా. నీ మూట ఒంటిగా ఉందని తోడు పెట్టినా."

"నువ్వు యాడికి పోతాండావు?"

"నీ మూట యాడికి పోతే ఆడికి."

నా భార్య చేతిలో కాఫీ గ్లాసు నోటిదాకా పోయి ఆగింది.

"శానా దూరమక్కా," అన్నాను.

"దూరమని నాకు తెల్దా? నాయన నిన్ను బండిలో తీసకపోయి, ఇది కాశీకి పోయే రోడ్డు అని సూపిచ్చినాడు. ఆడపిల్లకు రోడ్డేంటికి అని నన్ను ఇడిసిపెట్టినాడు. కర్నూలు ఆస్పత్రికి పోయినప్పుడంతా ఆ పక్కకు సూసి వస్తాండా. దాని మింద ఒక్క దినం పోలేదు. వచ్చే ఏటికి బతికుంటానో లేదో అని కాదు రా నా బాధ. బతికే ఉంటా. అప్పటికి కారులో కూసోలేను, అంతే."

అప్పుడే అక్క చేసిన పొరపాటు నాకు కనబడింది. ప్రస్థానం వేరేవాళ్ళ ఇంట్లో పెట్టాలి. ఆమె తన మూటను తన ఇంట్లోనే పెట్టుకుంది. నా మూట బయలుదేరింది, ఆమెది కదలనే లేదు. నేను నోరు మూసుకుని ఉంటే చాలు. బుధవారం నా మూట తీసుకుని, "నీది సెల్లదక్కా" అని శాస్త్రం మీద తోసేసి పోవచ్చు. కారులో చోటు గురించి ఎవరితోనూ గొడవ ఉండదు. నా భార్యకూ ఆ సంగతి తెలుసు. ఆమె చూపు మూట మీద నుంచి నా మీదికి వచ్చింది.

కాసేపుంటే వర్జ్యం వస్తుంది. వంగి అక్క మూట చేతికి తీసుకున్నాను.

అక్క ముఖం వాడిపోయింది. "తీసేస్తాండావా?"

"సొంతింట్లో పెట్టుకుంటే ఎట్లక్కా? గడప దాటాల గదా. ఉత్తరం పక్క ఇల్లు ఎవరిది?"

"మగ్గమోళ్ళది," అంది అక్క. "బిరీన పో రా మరి!"

మూట ఎత్తుకుని పరుగు తీశాను. పరుగంటే పరుగు కాదు. వాకిలి మెట్టు దగ్గర కాలు తడబడితే, వెనకే వచ్చిన నా భార్య మూట లాక్కుని తనే ముందు నడిచింది. పక్కింటావిడ మగ్గం ఆపి లేచి వచ్చింది. ఆమె ఇంట్లో దేవుడి పటం కింద మూట పెట్టింది నా భార్యే.

తిరుగు బస్సులో, "వంటసామాను?" అని మెల్లగా అడిగాను.

"ఊరగాయలు ఒళ్ళో పెట్టుకుంటా," అంది. "స్టవ్వు ఇంట్లో ఉండనీ. వదినను ఒళ్ళో పెట్టుకోలేను గదా."

ఇంటికి రాగానే కొడుకును నిలబెట్టి, అక్క రాకపోతే నేనూ రానని గర్జిద్దామనుకున్నాను. నేను చెప్పులు విడిచేలోగా నా భార్య మొత్తం చెప్పేసింది.

"ఏంది నాయనా ఇది? అత్త మోకాళ్ళతో అన్ని దినాలు ఎట్లా కూసుంటాది?" అంటూ వాడు అప్పటికప్పుడే ఫోను చేశాడు. అక్క గొంతు ఫోనులోంచి మా అందరికీ వినబడింది.

"నన్నేం అడుగుతావప్పా? నా మూట అప్పుడే బయలుదేరింది. దాని యెనక నేను పోవాల గదా. దాన్ని యెనక్కి తెచ్చే ధైర్యముంటే నువ్వు తెచ్చుకో."

నా కొడుకు కంప్యూటర్లు చదివినవాడు, శూలలూ వర్జ్యాలూ నమ్మడు. కానీ ప్రస్థానం మూటను వెనక్కి తెచ్చే ధైర్యం వాడికీ లేదు. ఫోను పెట్టేసి, పోయి కారు వెనక వరుస సీటు లేపాడు. కోడలు రెండు గంటలకొకసారి ఆగేలా దారి మళ్ళీ వేసింది. అక్క మోకాళ్ళు మడవలేదు కాబట్టి ముందు సీటు ఆమెకు. వెనక వరుస నాకు. నా సీటు నేనే త్యాగం చేశానని బంధువులందరికీ చెప్పాను. నన్ను ఎవరూ అడగలేదు.

బుధవారం మేం పోయేసరికి అక్క మగ్గమోళ్ళ అరుగు మీద రెండు మూటలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కారెక్కింది, కాళ్ళు చాపుకుంది, బెల్టు పెట్టించుకుంది. బండి కదిలాక ముఖం తడుముకుంది.

"కండ్లద్దాలు మరిసిపోయినా."

"తిప్పుతానత్తా, పక్కనే గదా ఇల్లు," అన్నాడు కొడుకు.

"తిప్పొద్దు! బయలుదేరినాక ఇంటికి మళ్ళేదా? నాకు దూరానివి కనపడకపోతే ఏమి, ఈడు సెప్తాడు. ఏం రా?"

"సెప్తానక్కా."

వెనక వరుసలో నాకు కనబడేది బట్టల సంచులు, కిటికీ మూల కొంచెం ఆకాశం. గొంతు సవరించుకుని, కుడిపక్కన పత్తి చేను విరగబూసి ఉందని మొదలుపెట్టాను.