సాబిరా ఆపా "తిన్న" అంటే నమ్మాను

నిన్న పొద్దున బెండకాయలు కోస్తుంటే ఫోన్ వచ్చింది.

సాబిరా ఆపా పోయారు.

కత్తి అక్కడే పడేసి కూర్చుండిపోయాను. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ముందే చెప్తున్నా, ఇది పొగడ్త పోస్ట్ కాదు. నాకు ఆమె మీద పీకలదాకా కోపం ఉంది. నిన్న ఆ ఇంటికి పోయి వచ్చాక అది ఇంకా పెరిగింది.

మా పాత ఆఫీస్ గ్రూపులో నిన్నటి నుంచి ఒకటే దండాలు, పూలు. "గ్రేట్ సోల్" అట. "అమ్మలాంటి మనిషి" అట. ఎవరికి చెప్తున్నారండీ? జీపులో ఆమె పక్క సీటు నాకొద్దంటే నాకొద్దని తప్పించుకున్నవాళ్లే కదా మీరంతా.

తెలియనివాళ్ల కోసం: దేశమంతా తిరిగి చిన్నపిల్లలు, ఆడవాళ్లు ఏం తింటున్నారు, ఎంత బరువున్నారు, ఒంట్లో రక్తం ఎంతుంది అని చూసే సర్వేలో ఆమె మా టీమ్ లీడర్, మా అందరికీ ఆపా, అంటే అక్క. ఆమె ఇల్లు కార్ఖానాలో, నాది నేరేడ్‌మెట్‌లో. చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు.

మొదటి రోజే నా పరువు తీశారు.

ఒక ఊళ్లో ఒక తల్లిని నిన్న ఏం తిన్నావని అడిగాను. అన్నం, పప్పు, గుడ్డు అంది. బుద్ధిగా రాసుకున్నాను. ఆపా నా కాగితం చూశారు. పొయ్యి దగ్గరికి పోయి గిన్నె మూత తీశారు. అడుగున ఇంత గంజి. గుడ్డు మొగుడు తిన్నాడు, పప్పన్నం పిల్లలు తిన్నారు. ఆమెకు మిగిలింది అదీ.

వాడకట్టంతా చూస్తుండగా నా కాగితం చింపేశారు.

"ఇంట్ల వండింది రాసినవ్. ఆమె తిన్నది ఏది? ఇజ్జత్ కోసం మనిషి తిన్న అంటది బిడ్డా. మూత తియ్యి."

ఆ తల్లి తలొంచుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఈవిడతో పని చేయడం నా వల్ల కాదనుకున్నాను.

ఇంకోటి ఉంది. నా బిడ్డ పుట్టినప్పుడు చూడ్డానికి వచ్చారు. మా అత్తగారింట్లో బాలింత పథ్యమంటే అన్నం, వెల్లుల్లి కారం, అంతే. ఆపా తెచ్చిన పండ్ల సంచి పక్కన పెట్టి, బిడ్డను కూడా చూడకుండా ముందు నా కంచం చూశారు. తర్వాత బ్యాగులోంచి సర్వేలో జబ్బలు కొలిచే టేపు తీసి నా జబ్బకు చుట్టారు. నిండా చుట్టాలున్నారు ఇంట్లో.

"పిల్లకు పాలు ఏడికెళ్లి వస్తయమ్మా? ఈమె బొక్కలల్లకెళ్లా?" అని మా అత్తమ్మను అడిగారు.

అత్తమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు. కానీ మర్నాటి నుంచి నా కంచంలోకి పప్పు వచ్చింది, గుడ్డు వచ్చింది. దానికి నేను ఆపాకు థాంక్స్ చెప్పలేదు. తలకాయ తీసేసినట్టయిందన్న కోపంలోనే ఉన్నాను.

ఎందుకింత మొండి మీరు అని ఒకసారి జీపులో అడిగేశాను.

పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో ఆమెకు ఆరేళ్లట. వాళ్ల అబ్బాకు నిజాం సర్కారు నౌకరి పోయింది. ఇంట్లో గింజ లేదు. అప్పుడు కొందరు ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి, తిండి లేని పిల్లల పేర్లు రాసుకుంటున్నారు, పాలపిండి ఇద్దామని.

"మా అమ్మీ ఖాళీ గంజు పొయ్యి మీద పెట్టి మూత పెట్టింది, వండుతున్నట్టు. దర్వాజల నిలవడి మేం తిన్నం అన్నది. వాళ్లు రాసుకోకుండ పోయిన్రు. మా తమ్ముడు ఆ చలికాలం దాటలే."

అంతే చెప్పారు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు నా కోపం సంగతి.

రెండు వారాల కింద ఆమెను చూడ్డానికి పోయాను. ఒక్కరే ఉండేవారు. కింది పోర్షన్‌లో ఉండే రజియా రెండు పూటలా బాక్స్ పంపేది. ఆపా బాగా చిక్కిపోయారు. చేతి గాజు మోచేయి దాకా జారుతోంది.

"తిన్నరా ఆపా?"

"తిన్న. నువ్వు చాయ్ తాగు."

బాక్స్ టేబుల్ మీదే ఉంది. దాని పక్కనే నా హ్యాండ్‌బ్యాగ్ పెట్టాను. సైనిక్‌పురిలో మనవరాలి బర్త్‌డే కేక్ తీసుకోవాలి, లేటవుతోంది. ఇరవై నిమిషాలు కూర్చుని లేచి వచ్చాను.

నిన్న రజియా ఏడుస్తూ చెప్పింది.

"శాన దినాల సంది బాక్స్ పంపినట్టే వాపస్ వస్తుండె అక్కా. అడిగితే బయటి నుంచి తెప్పించుకొని తిన్న అంటుండె. నా వంట నచ్చుతలేదేమో అనుకున్న."

ఆ పిల్లను ఏమీ అనలేకపోయాను. ఆమెకు ఎవరూ నేర్పలేదు. నాకు నేర్పారు.

భాష రాని రాష్ట్రాలకు పోయి, ముక్కూమొహం తెలియని వాళ్ల ఇళ్లలో మూతలు తీశాను. ఆపా బాక్స్ నాకు జానెడు దూరంలో ఉంది.

డాక్టర్ గుండె అన్నాడు, వయసు అన్నాడు. ఎనభై దాటిన మనిషి, అదే అయ్యుండొచ్చు. నా కోపం దానికి కాదు.

ఊరందరి అబద్ధం పట్టుకున్న మీరు, మీ అమ్మీ చెప్పిన అబద్ధమే నాకు చెప్పారు ఆపా. నేను ఆ మొదటి రోజు లాగే రాసుకుని వచ్చేశాను. ఈసారి కాగితం చింపడానికి కూడా మీరు లేరు.

ఈ పోస్ట్ కింద ఎవరూ దండాలు, పూలు పెట్టొద్దు. ఇంట్లో ఎవరైనా తిన్నానంటే లేచి పోయి ఒక్కసారి గిన్నె చూడండి, చాలు.

ఆపా, పోయిన చోట ఎవరైనా తిన్నావా అని అడిగితే, లేదని చెప్పండి.

కడుపు నిండా తిని, నిమ్మళంగా పడుకోండి.