తెలుగు అక్షరాల కంప్యూటర్

మొన్న రేపల్లెలో పాత సామాన్ల కొట్టు ముందు తెలుగు అక్షరాలున్న కంప్యూటర్ కీబోర్డు కనిపించింది. ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసనకు తెనాలిలో మా బడికి ఇలాంటి కంప్యూటరే వచ్చిన రోజు గుర్తొచ్చింది.

“ప్రభుత్వ పరిశోధనశాలవాళ్లు కనిపెట్టారర్రా, మన దేశం కంపెనీవాళ్లు తయారుచేశారు. ఈ కంప్యూటర్ మనందరిదీ,” అన్నారు లెక్కల మాస్టారు. అందరిదీ అంటే నాదీ అనుకుని, రోజూ కాళ్లు కడుక్కుని కంప్యూటర్ గది గుమ్మంలో నిలబడేదాన్ని.

“నా వంతెప్పుడు మాస్టారూ?”

“దుమ్ము పడితే పాడైపోద్దే. చూశావుగా, చాల్లే,” అంటూ ఆయన గుడ్డ కప్పేసేవారు.

బడి చదువు అయిపోయినా నా వంతు రాలేదు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ గుడ్డను మాత్రం నేను మరిచిపోలేదు.

“ఒకసారి నొక్కి చూడనా బాబాయ్?” అని కొట్టతన్ని అడిగాను.

“నొక్కుకో అమ్మా, ఎవరొద్దన్నారు?”

‘అ’ నొక్కాను. లోపలికి పోయిన మీట మళ్లీ పైకి రాలేదు.